బర్రాకా: ఒక మట్టి గుడిసె పేరు జైలు దాకా, సాంబా దాకా ఎలా నడిచింది

పేరున్న నాయకుడు ఎవరైనా రిమాండ్‌కి వెళ్ళాడంటే చాలు, సాయంత్రానికల్లా టీవీలో వచ్చే మొదటి ముక్క ఆయన్ని ఏ బ్యారక్‌లో పెట్టారు అని. మిలిటరీ వాళ్ళున్న ఇళ్ళల్లో, కానిస్టేబుల్ ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చిన పిల్లల కబుర్లలో కూడా ఈ మాట మామూలే. మనమైతే దీన్ని ఇంగ్లీష్ మాట అనే అనుకుంటాం, కానీ ఇంగ్లీష్ వాళ్ళకి అది ఫ్రెంచ్ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది, ఫ్రెంచ్ వాళ్ళకి ఐబీరియా నుంచి, అంటే స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఆ ద్వీపకల్పం నుంచి వచ్చింది, అక్కడ దాని అసలు రూపం బర్రాకా, దానర్థం గుడిసె. రైతో జాలరో తన చేత్తో కట్టుకున్న పూరి గుడిసె, అంతే.

ఇంత చిన్న మాట తర్వాత తిరిగిన చోట్లు చూస్తే తల తిరుగుతుంది. ఆఫ్రికా తీరంలో బానిసల్ని కుక్కిన కొట్టాలకీ ఇదే పేరు, నాజీ క్యాంపుల్లో షెడ్లకీ ఇదే, సోవియట్ లేబర్ క్యాంపులకీ ఇదే. అదే టైమ్‌లో స్పెయిన్‌లో ఊరూరా తిరిగిన ఒక నాటక బృందానికీ, బెల్జియంలో బంగాళాదుంప వేపుళ్ళు అమ్మే బడ్డీకీ, బ్రెజిల్ దేశపు రియోలో కార్నివాల్ ఊరేగింపు రథాలు తయారయ్యే షెడ్డుకీ కూడా ఇదే పేరు. ఒక్క మాటకి ఇన్ని ముఖాలు ఎందుకొచ్చాయి అంటే నాకు కనిపించే జవాబు ఒకటే. ఆ గుడిసె ఎవరు కట్టారు, ఎవరి కోసం కట్టారు, తలుపు గొళ్ళెం లోపలివైపు ఉందా బయటవైపు ఉందా, ఈ సంగతి పట్టుకుంటే మిగతా చిక్కంతా విడిపోతుంది.

ముందు అసలు గుడిసె చూద్దాం. స్పెయిన్ తూర్పు తీరంలో వలెన్సియా ఊరి చుట్టూ నీటిపారుదల ఉన్న సారవంతమైన పొలాలుంటాయి, దక్షిణంగా పోతే అల్బుఫేరా అనే పెద్ద మంచినీటి సరస్సు, దాని చుట్టూ వరి. అంటే అక్కడ బంకమట్టికి, రెల్లుకి, వరిగడ్డికి లోటు లేదు, రాయి మాత్రం దూరం. అందుకే అక్కడి వాళ్ళు మట్టిలో గడ్డి తొక్కి, ఇటుకల్లా పోసి ఎండబెట్టి, వాటితో గోడలు లేపి, పైన రెల్లుతో రెండు వాలుల కప్పు వేసేవాళ్ళు. ఆ కప్పు వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే దూరం నుంచి చూస్తే గోడలకన్నా కప్పే ఎక్కువ కనపడుతుంది, వాన నీళ్ళు నిలవకుండా జారిపోవాలని. మన కోస్తాలో తాటాకు ఇళ్ళు చూసినవాళ్ళకి దీని లాజిక్ వేరే చెప్పక్కర్లేదు. ముందు వాకిలికి ఎదురుగా వెనక వాకిలి, మధ్యలో ఒక పక్కగా నడవ, ఇంకో పక్క వరసగా గదులు, గాలి ఈ చివర్నుంచి ఆ చివరికి పోతుంది. గోడలకి తెల్ల సున్నం. కప్పు కొసన చిన్న శిలువ.

నాకు ఇందులో బాగా నచ్చేది అటక. దాన్ని వాళ్ళు అందానా అంటారు. నిచ్చెనేసుకుని పైకెక్కితే అక్కడ రెల్లు తడికల మీద పట్టుపురుగులు పెంచేవాళ్ళు, 18వ శతాబ్దంలో వలెన్సియా అంటే పట్టుకి పేరు. పొలం గట్ల మీద మల్బరీ చెట్లు, కింద మనుషులు, నెత్తిమీద పురుగులు, ఆ కాస్త జాగాలోనే సంసారం, గోదాము, కుటీర పరిశ్రమ అన్నీ. వంట మాత్రం చాలామంది బయటో పక్కనే ఇంకో చిన్న గుడిసెలోనో చేసుకునేవాళ్ళు, ఎందుకంటే రెల్లు కప్పుకి నిప్పు రవ్వ తగిలిందంటే ఇక అంతే. వలెన్సియా సముద్రపు ఒడ్డున జాలర్లుండే కబన్యాల్ పేటలో 1796లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వరసలకి వరసలు కాలిపోయాయి, 1875లో మళ్ళీ ఇంకోటి. ఇటుక ఇళ్ళే కట్టమని అధికారులు పట్టుబట్టడం, రెల్లు గుడిసెలు ఒక్కొక్కటిగా మాయమవడం అలా మొదలైంది.

ఈ గుడిసెకి ప్రపంచమంతా పేరు తెచ్చింది వలెన్సియా రచయిత విసెంతె బ్లాస్కో ఇబాన్యెస్. ఆయన 1898లో తన సొంత పేపర్లో సీరియల్‌గా రాసిన నవల పేరే లా బర్రాకా. అప్పుల్లో భూమి పోగొట్టుకున్న ఒక కౌలు రైతు భూస్వామిని చంపేస్తాడు, ఆ తర్వాత ఆ పొలం ఎవరూ ముట్టకూడదని ఊరంతా కట్టుబాటు పెట్టుకుంటుంది, అది తెలియక వచ్చిన ఇంకో పేద కుటుంబం కూలిపోయిన గుడిసెని నిలబెట్టుకుని బతకబోతే ఊరు వాళ్ళని బతకనివ్వదు, చివరికి గుడిసె తగలబడిపోతుంది. కౌలు సమస్య తెలిసిన తెలుగువాళ్ళు ఎవరు చదివినా ఇది పరాయి కథ అనిపించదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడి దేశం వదిలి మెక్సికో చేరినవాళ్ళు 1945లో దీన్నే అక్కడ సినిమాగా తీశారు, స్క్రిప్ట్‌లో రచయిత కూతురి చెయ్యి కూడా ఉంది. సొంత ఊరు చూడ్డానికి లేని మనుషులు మెక్సికో స్టూడియోలో వలెన్సియా గుడిసెని మళ్ళీ కట్టుకున్నారన్నమాట.

మాట పుట్టుక సంగతికొస్తే, కాటలాన్ భాష రాతల్లో ఇది 13వ శతాబ్దం నుంచే కనిపిస్తుంది. బర్రో అంటే స్పానిష్‌లో బురద, బంకమట్టి, కాబట్టి బర్రాకా దాన్నుంచే పుట్టిందని చాలా చోట్ల రాసేస్తారు, వినడానికి బానే ఉంటుంది గానీ పండితుల్లో దీని మీద ఏకాభిప్రాయం లేదు, రోమన్లు రాకముందే అక్కడున్న ఏదో పాత భాష మాట అయ్యుండొచ్చు అనేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ ఇంతకన్నా లోతుకి పోయి లాభం లేదు, అసలు కథ మాట స్పెయిన్ దాటాక మొదలవుతుంది.

దాటించింది సైన్యం. 16, 17 శతాబ్దాల్లో స్పెయిన్ సైనికులు ఇటలీలో, ఇప్పటి బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి యుద్ధాలు చేశారు. కోటని ముట్టడించడమంటే నెలల పని, చలికాలం కూడా అక్కడే, మరి గుడారాలు ఎన్నాళ్ళు ఆగుతాయి, అందుకని చుట్టుపక్కల దొరికిన కర్రలు, గడ్డి, మట్టితో సైనికులే గుడిసెలు వేసుకునేవాళ్ళు. ఆ గుడిసెతో పాటు దాని పేరు కూడా పక్క సైన్యాలకి అంటుకుంది. ఫ్రెంచ్‌లో బారాక్, ఇటాలియన్‌లో బరక్కా, జర్మన్‌లో బరాకె, ఆ తర్వాత రష్యన్‌లో బరాక్. ఇంగ్లీష్‌లోకి 1680ల్లో వచ్చింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామంది కన్‌ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. ఫ్రెంచ్, జర్మన్, రష్యన్ వాళ్ళకి ఈ మాట ఈరోజుకీ చెక్క షెడ్డు, తాత్కాలికంగా వేసింది అనే అర్థంలోనే ఉంది. సైన్యం పర్మనెంట్‌గా ఉండే పెద్ద బిల్డింగ్‌కి వాళ్ళ దగ్గర కసెర్న్, కజెర్నె, కజార్మా లాంటి వేరే మాటలున్నాయి. ఒక్క ఇంగ్లీష్ వాళ్ళు మాత్రమే గుడిసె పేరు తీసుకెళ్ళి రాతి భవనానికి పెట్టారు. అంతకుముందు బ్రిటన్‌లో సైనికుల్ని సత్రాల్లో, సారా దుకాణాల పైగదుల్లో సర్దేవాళ్ళు, జనానికి అది పెద్ద తలనొప్పి, ఇంకోవైపు సైనికులు జనంతో కలిసిమెలిసి ఉంటే రేపు వాళ్ళ మీద తుపాకీ ఎత్తమంటే ఎత్తరని ప్రభుత్వానికి భయం. ఫ్రెంచ్ విప్లవం చూశాక ఆ భయం బాగా పెరిగింది, 1790ల నుంచి దేశమంతా పెద్దఎత్తున బ్యారక్స్ కట్టారు. అంటే ఎండావాన నుంచి కాపాడే గుడిసె కాస్తా, లోపలి మనిషిని బయటి మనుషులకి దూరంగా ఉంచే గోడ అయింది. గొళ్ళెం వైపు మారడం నాకు మొదట కనపడేది ఇక్కడే.

మన దేశానికి వచ్చింది ఆ రాతి బ్యారక్కే. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున ఈస్టిండియా కంపెనీ 18వ శతాబ్దంలో సైనికుల కోసం కట్టిన వసతుల వల్ల ఒక ఊరికి బ్యారక్‌పూర్ అనే పేరే వచ్చేసిందంటారు. స్పెయిన్ గుడిసె పేరు ముందు, సంస్కృతం పురం వెనక. 1857 మార్చి 29న మంగళ్ పాండే తుపాకీ ఎత్తింది అక్కడి పెరేడ్ గ్రౌండ్‌లోనే. ఆ తర్వాత దేశంలో ఎక్కడ కంటోన్మెంట్ ఉంటే అక్కడ ఈ మాట పాతుకుపోయింది, మన సికింద్రాబాద్ తో సహా. జైళ్ళలోకీ అలాగే. మన సెంట్రల్ జైళ్ళలో ఎక్కువమంది ఖైదీలు పడుకునేది ఒంటరి సెల్‌లో కాదు, వరసగా పక్కలు వేసుకునే పొడుగాటి హాల్లో. సాయంత్రం లెక్కపెట్టి బయట తాళం వేస్తారు.

తాళం అనగానే ఈ మాట చరిత్రలో అన్నిటికన్నా చీకటి కోణం గుర్తొస్తుంది. బర్రాకాకి పెద్దది అనే అర్థం వచ్చేలా తోక తగిలిస్తే స్పానిష్‌లో బర్రకోన్, పోర్చుగీసులో దాదాపు అలాంటిదే, దాన్నుంచి ఇంగ్లీష్‌లో బారకూన్. పశ్చిమాఫ్రికా తీరంలో పట్టుకొచ్చిన మనుషుల్ని ఓడ వచ్చేదాకా నిలవ ఉంచే కొట్టాలు ఇవి. లావుపాటి దుంగలు పక్కపక్కనే నేలలో పాతి, పైన గడ్డి కప్పు, లోపల గొలుసులు. కట్టిన పద్ధతి చూస్తే గుడిసెకి దీనికి పెద్ద తేడా లేదు, అదే కర్ర, అదే గడ్డి. కానీ వారాలు, నెలలు అందులో ఎదురుచూసింది సరుకు కాదు, మనుషులు.

ఇప్పటి సియెర్రా లియోన్‌లో గలీనాస్ నది దగ్గర ఇలాంటి బారకూన్లు బోలెడుండేవి. 1839లో అమిస్టాడ్ అనే ఓడలో తిరగబడ్డ సెంగ్బె పియే బృందాన్ని ఆఫ్రికాలో ఆఖరిగా ఉంచింది ఆ దగ్గర్లోని లోంబోకోలో, హవానాలో దింపాక మళ్ళీ అక్కడి బర్రకోన్‌లోనే పెట్టి అమ్మారు. అంటే సముద్రానికి ఈ ఒడ్డున ఎక్కించేముందూ బర్రకోన్, ఆ ఒడ్డున దించాకా బర్రకోన్. వాళ్ళు స్వేచ్ఛాజీవులే అని 1841లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈలోగా 1840లో బ్రిటిష్ నేవీ కెప్టెన్ డెన్మన్ గలీనాస్ దగ్గర బారకూన్లకి నిప్పు పెట్టించి లోపలున్న వందలాదిమందిని విడిపించాడు.

అలా కొట్టంలో ఉండి వచ్చిన మనిషి నోటి మాట కూడా మనకి మిగిలింది. పశ్చిమాఫ్రికాలో ఊయిదా రేవులో బారకూన్‌లో ఉండి, 1860లో క్లోటిల్డా అనే దొంగ ఓడలో అలబామా చేరిన ఒలూఆలె కొస్సోలా అనే ఆయన్ని, అక్కడ కుజో లూయిస్ అనేవాళ్ళు, రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ 1927 నుంచి కలిసి మాట్లాడి ఆయన యాసలోనే పుస్తకం రాసింది. ఆ యాస మార్చమన్నారు పబ్లిషర్లు, ఆమె ససేమిరా అంది. పుస్తకం 2018లో గానీ బయటికి రాలేదు, దాని పేరు బారకూన్. ఆమె మొండితనానికి నేనైతే చేతులెత్తి దండం పెడతాను, ఆ యాస తీసేసుంటే మనిషి పోయి సమాచారం మాత్రమే మిగిలేది.

బానిసల వ్యాపారాన్ని చట్టం నిషేధించినా ఈ కట్టడం పోలేదు. క్యూబా చెరకు తోటల్లో బానిసలు పడుకున్న బర్రకోన్లలోకే చైనా కూలీలొచ్చారు, వాళ్ళని ఓడెక్కించే ముందు మకావులో పోర్చుగీసు వాళ్ళు ఉంచిన కొట్టాలూ అదే పేరువి, ఆ వ్యాపారం 1874లో ఆగింది. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం పోయాక ఆ ఖాళీలో నింపింది మనవాళ్ళని. ట్రినిడాడ్ ఎస్టేట్లలో బ్యారక్ అంటే ఒక పొడుగాటి షెడ్డు, దాన్ని చిన్న చిన్న గదులుగా చీల్చి గదికో కుటుంబం, మధ్య అడ్డుగోడ కప్పుదాకా వెళ్ళదు, అంటే ఈ గదిలో పిల్లాడు దగ్గినా ఆ చివర గదికి వినబడుతుంది.

దక్షిణాఫ్రికాలో నటాల్ సంగతి మనకి ఇంకా దగ్గర. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షన్నర మందికి పైగా గిర్మిట్ కూలీలు, అంటే ఒప్పందం మీద పనికి పోయినవాళ్ళు, వెళ్ళారు, ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళే, తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి వైపు నుంచి తెలుగువాళ్ళు వేలల్లో. చెరకు ఎస్టేట్లలో వాళ్ళకిచ్చింది బ్యారక్స్. డర్బన్ సిటీలో కార్పొరేషన్ పనివాళ్ళకి, అంటే రోడ్లు ఊడ్చేవాళ్ళు, చెత్త ఎత్తేవాళ్ళకి, 1880ల నుంచి పెరుగుతూ వచ్చిన కాలనీ పేరు మాగజీన్ బ్యారక్స్. అక్కడ ఉన్నది ప్రధానంగా తమిళ, తెలుగు కుటుంబాలు. ఇరుకు గదులు, చాలీచాలని కొళాయిలు, ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. అయినా అక్కడే గుళ్ళు కట్టుకున్నారు, భజన మండళ్ళు, నాటకాలు, ఫుట్‌బాల్ టీములు నడుపుకున్నారు, తెలుగు తమిళాలు పిల్లలకి నేర్పుకున్నారు. 1960ల్లో వర్ణవివక్ష ప్రభుత్వం ఏ జాతి వాళ్ళు ఏ పేటలో ఉండాలో చెప్పే గ్రూప్ ఏరియాస్ చట్టం కింద దాన్ని ఖాళీ చేయించి చాలామందిని ఊరి బయట చాట్స్‌వర్త్‌కి పంపేసింది. కార్పొరేషన్ కట్టిన కొట్టాన్ని మూడు నాలుగు తరాలు ఊరుగా మార్చుకున్నాక, ఇప్పుడు ఇదీ మీది కాదు అన్నారు. ఆంధ్రులు ప్రపంచమంతా ఉన్నారని మనం గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ వీధుల పేరు కూడా చెప్పాలని నా కోరిక.

యూరప్‌లో 19వ శతాబ్దం చివర బరాకె ఒక ఫ్యాక్టరీ వస్తువు అయింది, ఈ మలుపు చాలామందికి తెలీదు. యుద్ధాల్లో గాయపడ్డవాళ్ళని పాత ఇరుకు ఆస్పత్రుల్లో కుక్కితే గాయాలకన్నా అంటురోగాలకే ఎక్కువమంది పోతున్నారని తేలింది, విడివిడిగా గాలాడే చెక్క షెడ్లు నయమని డాక్టర్లు చెప్పారు. 1885లో ఆంట్వెర్ప్‌లో రెడ్‌క్రాస్ పోటీ పెట్టింది, విప్పి మోసుకెళ్ళి మళ్ళీ బిగించగలిగే ఆస్పత్రి షెడ్డు ఎవరిది బాగుంటే వాళ్ళకి జర్మనీ మహారాణి అగస్టా పేరు మీద బహుమతి. గెలిచింది డోకర్ అనే డేనిష్ సైనికాధికారి ఐడియాతో క్రిస్టోఫ్ అండ్ ఉన్మాక్ కంపెనీ చేసిన షెడ్డు. ప్రాణం కాపాడ్డానికి పుట్టిన డిజైన్ అది.

అర్ధశతాబ్దం తిరిగేసరికి అదే ఆలోచన, అంటే నంబరేసిన చెక్క పలకలు, ట్రైన్‌లో తెచ్చి పూటలో బిగించెయ్యడం, ఎక్కడికి చేరిందో చూడండి. ఆష్విట్జ్ బిర్కెనావ్‌లో ఉన్న చెక్క బరాకెల్లో చాలావరకు నిజానికి సైన్యం గుర్రాల కోసం చేసిన రెడీమేడ్ లాయాలు. 52 గుర్రాలకి సరిపడా చేసింది. అందులో నాలుగొందల మందికి పైగా మనుషుల్ని పెట్టారు. కిటికీల్లేవు, కప్పు మధ్యలో వెలుగు కోసం సన్నని సందు, మూడంతస్తుల చెక్క అరలు, కొన్ని చోట్ల గుర్రాల్ని కట్టే ఇనుప రింగులు దూలాలకి అలాగే ఉండిపోయాయి. ఆ రింగుల గురించి చదివాక నాకు ఇంక వేరే వివరం అక్కర్లేకపోయింది.

రష్యాలో బరాక్ అంటే ఒక తరం మొత్తానికి ఇల్లే. 1930ల్లో మాగ్నిటోగోర్స్క్ లాంటి కొత్త ఫ్యాక్టరీ ఊళ్ళు లేస్తుంటే పనికి వచ్చిన లక్షలమంది చెక్క బరాకుల్లోనే బతికారు, ఖైదీలున్న లేబర్ క్యాంపుల్లోనూ అదే షెడ్డు. రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్ లేబర్ క్యాంపు మీద రాసి 1962లో అచ్చయిన నవల మొదటి వాక్యంలోనే తెల్లారి అయిదింటికి స్టాఫ్ బరాక్ దగ్గర రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొట్టి అందర్నీ లేపుతారు. ఖైదీకీ, స్వేచ్ఛగా ఉన్న కార్మికుడికీ ఇంటి పేరు ఒకటే అవడం అంటే ఆ దేశం గురించి ఎంతో చెప్పినట్టే.

ఇటలీది ఇంకో రకం. 1783లో కలాబ్రియాలో భూకంపాలు వచ్చి వేలమంది చనిపోయాక అక్కడి బోర్బన్ రాజుల ప్రభుత్వం కొత్త రకం ఇంటిని ప్రోత్సహించింది, కాసా బరక్కాతా, అంటే గోడ రాతిదే గానీ లోపల చెక్క చట్రం దాగి ఉంటుంది, నేల ఊగితే చట్రం ఊగుతుంది, గోడ మీదపడదు. మిలేతోలో అలా కట్టిన బిషప్ గారి భవనం 1905, 1908 భూకంపాలకి తట్టుకుంది. పేదోడి చెక్క గుడిసె నుంచి ఇంజనీర్లు నేర్చుకున్న పాఠం ఇది. కానీ 1908 డిసెంబర్ 28న మెస్సినా ఊరు నేలమట్టమైనప్పుడు బతికినవాళ్ళకి తాత్కాలికంగా అని బరక్కాలు వేశారు, ఆ పేటలు పూర్తిగా ఖాళీ చేయించి జనానికి ఇళ్ళు ఇవ్వడానికి ఇటలీ ప్రత్యేక చట్టం తెచ్చింది 2021లో. వందేళ్ళు దాటిన తాత్కాలికం! పునరావాసం మాట నమ్మి రేకుల షెడ్లలో ముసలివాళ్ళయినవాళ్ళు ఎక్కడైనా ఉంటారు, గోదావరి, కృష్ణా ప్రాజెక్టుల నిర్వాసితుల్ని అడిగితే చెప్తారు.

పుట్టిన చోట ఏమైంది మరి? బార్సిలోనాలో 20వ శతాబ్దంలో పని వెతుక్కుంటూ దక్షిణ స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళు సముద్రం ఒడ్డున, మోన్‌జూయిక్ కొండ మీద రేకులు, చెక్కలతో బర్రాకాలు వేసుకున్నారు, 1950ల్లో అవి పదివేలకి పైనే. సోమొర్రొస్ట్రో అనే బీచ్ బస్తీలో పుట్టిన జిప్సీ పిల్ల కార్మెన్ అమాయా ఫ్లమెంకో డాన్సుతో ప్రపంచాన్ని ఊపేసింది. కార్పొరేషన్ వాళ్ళు బర్రాకాల మీద నంబర్ ప్లేట్లు కొట్టారు, ప్లేట్ లేనిది కనపడితే కూల్చేశారు, మనుషుల్ని కొండమీద ఒక భవనంలో బంధించి ట్రైన్ ఎక్కించి సొంతూళ్ళకి తిప్పి పంపారు, తమ దేశంలో తమకే పర్మిషన్ లేనట్టు. 1966లో స్పెయిన్ నియంత ఫ్రాంకో నౌకాదళ విన్యాసాలు చూడ్డానికి వస్తున్నాడని సోమొర్రొస్ట్రోలో మిగిలినదంతా హడావిడిగా ఊడ్చేశారు. ఆఖరి బస్తీలు 1992 ఒలింపిక్స్ ముందు పోయాయి. ఇవాళ అక్కడ బీచ్‌కి సోమొర్రొస్ట్రో పేరే పెట్టారు, పాత నివాసులు పట్టుబట్టి ఆ గుర్తింపు సాధించుకున్నారు.

ఇప్పుడు వెలుగు వైపు. గుడిసెకి ఇంకో గుణం ఉంది, పూటలో వెయ్యొచ్చు, పూటలో విప్పొచ్చు. అందుకే తిరునాళ్ళలో ఆటల డేరాలు, బొమ్మలాటల గుడారాలు యూరప్ అంతా ఇదే పేరుతో పిలవబడ్డాయి. ఫ్రెంచ్‌లో నాటకం సూపర్ హిట్టయితే బారాక్ విరగ్గొట్టేశారు అంటారు. బెల్జియంలో రోడ్డు పక్కన కాగితం పొట్లంలో వేడివేడి బంగాళాదుంప వేపుడు ఇచ్చే బడ్డీ బారాక్ ఆ ఫ్రిత్, ఆ దేశంలో రాజకీయంగా కొట్టుకునే రెండు భాషలవాళ్ళూ ఒకే క్యూలో నిలబడేది దాని ముందే.

స్పెయిన్ కవి, నాటక రచయిత లోర్కా 1932లో పెట్టిన నాటక బృందం లా బర్రాకా అయితే నాకు ప్రాణం. కొత్త రిపబ్లిక్ ప్రభుత్వం డబ్బిచ్చింది, మాడ్రిడ్ యూనివర్సిటీ పిల్లలు నటులు, ఎదువార్దో ఉగార్తె సహ దర్శకుడు. ఒంటిమీద నీలిరంగు పనిబట్టలు, గుండెమీద బండి చక్రం మీద ముసుగున్న బ్యాడ్జి, లారీలో చెక్కలు, తెరలు వేసుకుని ఊరి మధ్య దిగి వాళ్ళే స్టేజి కట్టి సెర్వాంటెస్, కాల్దెరోన్, లోపె దె వేగా నాటకాలు ఆడేవాళ్ళు. మొదటి ఆట 1932 జులైలో సోరియా జిల్లాలో ఎల్ బుర్గో దె ఓస్మా అనే ఊళ్ళో. టికెట్ లేదు, జీతాలు లేవు. నాటకం ఎప్పుడూ చూడని రైతులు మూడొందల ఏళ్ళ నాటి పద్యాలు నిలబడి విన్నారు. పేరు పెట్టుకోవడంలోనే వాళ్ళ ఉద్దేశం ఉంది, ఇది ఒపేరా హౌస్ కాదు, ఊళ్ళో ఎవరైనా లోపలికి రాగలిగే గుడిసె. 1936 ఆగస్టులో ఫ్రాంకో వైపు వాళ్ళు లోర్కాని కాల్చేశారు, బృందం యుద్ధంలో కొంతకాలం లాగి ఆగిపోయింది.

సముద్రం దాటాక లాటిన్ అమెరికాలో ఈ మాట ఎక్కడికక్కడ కాపురం పెట్టింది. బ్యూనస్ ఐరిస్‌లో తోళ్ళు, ఉన్ని నిలవ చేసే కొట్టాల వల్ల బర్రాకాస్ అనే పేట వచ్చింది, ఆ పేరుతో ఫుట్‌బాల్ క్లబ్ కూడా ఉంది. చిలీలో కలప అడితీ బర్రాకా. ఫిలిప్పీన్స్‌లో బతాంగాస్ వైపు కూరగాయల మార్కెట్‌ని బరాకా అంటారు. అమెజాన్‌లో రబ్బరు జ్వరం నడిచిన రోజుల్లో బర్రకావ్ అంటే యజమాని కొట్టు, అక్కడ అప్పుమీద తీసుకున్న పిండికీ ఉప్పుకీ రబ్బరు కూలీ జీవితాంతం బాకీ.

ఈ మాటలో పడి కొట్టుకొచ్చే దొంగ చుట్టాలు కూడా ఉన్నాయి, చెప్పెయ్యడం మంచిది. మన హైదరాబాద్‌లో బరకత్ అంటాం కదా, ఆ అరబిక్ మాటకీ దీనికీ ఏ సంబంధం లేదు, ఒబామా గారి పేరు బరాక్ కూడా అరబిక్ వైపుదే. క్రికెట్‌లో ప్రేక్షకులు ఆటగాళ్ళని గేలి చేస్తే బ్యారకింగ్ అంటారు, అదే ఆస్ట్రేలియాలో ఒక టీమ్‌కి బ్యారక్ చెయ్యడమంటే సపోర్ట్ చెయ్యడం. మెల్‌బోర్న్‌లో మిలిటరీ బ్యారక్స్ పక్కన మ్యాచ్‌లు ఆడేవాళ్ళు కాబట్టి అని ఒక కథ తిరుగుతుంది, కానీ డిక్షనరీలవాళ్ళు ఎక్కువగా ఒప్పుకునేది ఉత్తర ఐర్లండ్ యాసలో గొప్పలు పోవడం అనే అర్థమున్న వేరే మాటని.

బ్రెజిల్‌ని చివరికి ఉంచింది ఎందుకంటే ఈ మాట ముఖాలన్నీ ఒకే ఊళ్ళో కనపడేది అక్కడే. రియోలో రెండు ర లు కలిస్తే హ లాగా పలుకుతారు కాబట్టి చెవికి బహాకా అని వినిపిస్తుంది. బీచ్‌లో కొబ్బరిబోండాలు అమ్మే డేరా బహాకా. కొండమీద ఫవేలాలో ఇల్లు బహాకో. గోడలు పల్చన, పక్కింటి గొడవ వీధంతా వినపడుతుంది, అందుకేనేమో పదిమందిలో పెద్ద రభస చెయ్యడాన్ని బహాకో కట్టడం అంటారు. ఓపిక నశించి అన్నీ వదిలేసినవాణ్ణి డేరా గుంజ తన్నేశాడు అంటారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల దేవుళ్ళు పూనే కండోంబ్లే గుళ్ళలో అందరూ చేరి ఆడే పెద్ద హాలు పేరు బర్రకావ్. ఒకప్పుడు మనుషుల్ని బంధించిన కొట్టం పేరు అదే జాతి వాళ్ళ దేవుడి సన్నిధి పేరు అయింది, దీనికి మించిన మార్పు ఏ డిక్షనరీలో చూడగలం?

సాంబా స్కూళ్ళంటే బడులు కాదు, కార్నివాల్ ఊరేగింపులో పోటీపడే సాంబా డాన్స్ బృందాలు, వాటి వర్క్‌షాప్ కూడా బర్రకావే. ఏడాదంతా అక్కడ వెల్డర్లు, వడ్రంగులు, దర్జీలు, ఈకలు అతికే ఆడవాళ్ళు పనిచేస్తారు, ఆ స్కూళ్ళు పుట్టిందే కొండమీద బస్తీల్లో. ఓడరేవు దగ్గర పెద్ద స్కూళ్ళ షెడ్లన్నీ ఒకచోట చేర్చి సిడాడ్ దు సాంబా అని కట్టారు. 2011 ఫిబ్రవరి 7 పొద్దున్నే అక్కడ మంటలు లేచాయి, కార్నివాల్‌కి సరిగ్గా నెల ఉంది. పోర్తెలా, గ్రాండె హియో, యునియావ్ ద ఇల్యా, ఈ మూడు స్కూళ్ళ బట్టలు వేలకొద్దీ, వాటితో పాటు రథాలూ బూడిదయ్యాయి. వాళ్ళు ఆపలేదు, దొరికిన బట్టతో మళ్ళీ మొదలుపెట్టి రాత్రింబగళ్ళు కుట్టి మార్చిలో ముగ్గురూ కవాతు చేశారు. స్కూళ్ళన్నీ కలిసి ముందే ఒప్పుకున్నాయి, ఆ ముగ్గురికీ మార్కులు వెయ్యొద్దని, ఆ ఏడాది ఎవర్నీ కింది గ్రూపుకి దించొద్దని.